క్యాసెట్లలో దాగిన మన గొంతులు

మన చరిత్ర చాలాకాలం నోటి మీదే నడిచింది. నాలుగు, ఐదు, ఆరు, ఏడు పేన్‌ల సగాలు ఎట్లా ఏర్పడ్డాయి, ఏ ఇంటిపేరు వారు మనకు అన్నదమ్ములు, ఎవరు వియ్యపువారు, ఏ పేన్ ఏ దారిన వచ్చింది అనేవన్నీ ప్రధాన్‌లు కింగ్రి వాయిస్తూ చెబితే మన పెద్దలు విని గుర్తుపెట్టుకున్నారు. పుస్తకాలు తర్వాత వచ్చాయి. నోటికీ పుస్తకానికీ నడుమ ఇంకొక దశ ఉంది, దాని గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. అది రేడియో, టీవీ, క్యాసెట్ల దశ. సుమారు 1980ల నుంచి 2000ల మొదటి దాకా మన పాట, మన మాట, మన ఆట గాలిలో ప్రయాణం చేశాయి. గాలిలో పోయినవి చాలావరకు గాలిలోనే కలిసిపోయాయి. కొన్ని మాత్రం ట్రంకు పెట్టెల్లో, అటకల మీద, మూతపడ్డ వీడియో షాపుల అరల్లో నల్లటి రీళ్ల రూపంలో ఇంకా ఉన్నాయి.

ఆ దశ మన ఆదిలాబాద్ గూడేలకు ఎట్లా వచ్చింది, ఏం మిగిల్చింది, మిగిలినదాన్ని మీరెట్లా కాపాడగలరు అన్నదే ఈ వ్యాసం. ఈ పని ఇంకో పదేళ్లకు చేద్దామంటే కుదరదు. ఎందుకు కుదరదో కూడా చెబుతాను.

రేడియో మన దాకా రావడానికి పట్టిన కాలం

నిజాం రాజ్యంలో 1935లోనే దక్కన్ రేడియో ప్రభుత్వ ఆధ్వర్యంలో మాట్లాడింది. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషలకూ అందులో చోటు దొరికింది. రాజ్యంలో మన వాళ్లు మాట్లాడే గోండి, కోలామి భాషలకు అందులో నిలకడైన చోటు లేదు. అదే కాలంలో, 1940లో, జోడేఘాట్‌లో కొమరం భీం అమరుడయ్యాడు. జల్, జంగల్, జమీన్ కోసం ఆయన చేసిన పోరాటం ఆనాటి రేడియోలో మన భాషలో వినిపించలేదు. అది పాటగా, కథగా గూడెం నుంచి గూడేనికి నడిచి వెళ్లింది. 1950లో దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసిపోయింది. తెలుగు నేల మీద విజయవాడ కేంద్రం 1948లో, కడప, విశాఖపట్నం కేంద్రాలు 1963లో మొదలయ్యాయి. మన అడవులకు వాటి ధ్వని రాత్రిపూట గరగరలతో చేరేది.

ఆ తర్వాత ఆకాశవాణి ఆలోచన మారింది. దేశమంతటికీ ఒక ప్రసారం, రాష్ట్రానికొక ప్రసారం చాలవని, ఒక్క జిల్లాకు సరిపడే చిన్న కేంద్రాలు కావాలని అనుకున్నారు. అట్లా 1984లో తమిళనాడులోని నాగర్‌కోయిల్‌లో మొదటి స్థానిక రేడియో కేంద్రం వచ్చింది. 1986లో ఆదిలాబాద్ కేంద్రం మొదలైంది. కొత్తగూడెం, వరంగల్, నిజామాబాద్ కేంద్రాలు 1989, 1990 సంవత్సరాల్లో వచ్చాయి. అంటే పెద్ద నగరాలు కాని చోట్ల మనదే ముందు వరుస.

ఈ చిన్న కేంద్రాల పద్ధతే వేరు. పెద్ద కేంద్రంలో కళాకారుడు స్టూడియోకు వెళ్లాలి. చిన్న కేంద్రం వాళ్లు టేపు రికార్డరు భుజాన వేసుకుని ఊళ్లకు వచ్చేవాళ్లు. ఆదిలాబాద్ కేంద్రం నుంచి గోండి, కోలామి పాటలూ మాటలూ వినిపించసాగాయి. అప్పుడు నాకు ఆరేడేళ్లు. మా గూడెంలో రేడియో ఉన్న ఇళ్లు రెండో మూడో. సెల్లులు అయిపోతే వాటిని తీసి ఎండలో పెట్టి, మళ్లీ వేసి ఇంకొక రెండు రోజులు నడిపించేవాళ్లు. వెదురు గడకు రాగి తీగ కట్టి ఏరియల్ చేసేవాళ్లు. మన పాట వచ్చే రోజు చేను పనికి పోయినవాళ్లు కూడా త్వరగా ఇల్లు చేరేవాళ్లు.

ఇప్పుడు మీ చేతిలో ఫోనుంది, అందులో మన పాటలు వందల్లో ఉన్నాయి కాబట్టి ఇది పెద్ద విషయంగా అనిపించకపోవచ్చు. కానీ ఆనాటి పరిస్థితి గుర్తుచేసుకోండి. బడిలో తెలుగు, బస్టాండులో తెలుగు, సంతలో మరాఠీ, కచేరీలో తెలుగు. గోండి ఇంట్లోనే ఉండాల్సిన భాష అని పిల్లలు అనుకునే రోజులు. అట్లాంటిది ప్రధానమంత్రి మాట వచ్చే డబ్బాలోంచే మన అవ్వ మాట్లాడే మాట వచ్చింది. బయట మన భాష మాట్లాడటానికి సిగ్గుపడనక్కర్లేదని మా తరానికి ముందుగా చెప్పింది ఆ డబ్బానే.

టీవీలో మనం కనిపించాం, వినిపించింది తక్కువ

టీవీ కథ ఇంకొక విధంగా సాగింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 పల్లెలకు నేరుగా ఉపగ్రహం నుంచి టీవీ కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆ భాషల్లో తెలుగు ఒకటి. ఇనుప జాలీతో చేసిన పెద్ద గొడుగులాంటి యాంటెన్నా, బడి ముందు ఒక టీవీ, దాని ముందు ఊరు మొత్తం. ఏడాది కాగానే ఉపగ్రహాన్ని పక్కకు జరిపారు, ప్రయోగం ముగిసింది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సంవత్సరంలో రంగుల టీవీ వచ్చింది. 1984 ప్రాంతంలో దేశమంతటా తక్కువ శక్తి గల ట్రాన్స్‌మిటర్లను దాదాపు రోజుకొకటి చొప్పున పెట్టుకుంటూ పోయారు. చిన్న పట్టణాలకు టీవీ అట్లా వచ్చింది.

అయితే ఆ చిన్న ట్రాన్స్‌మిటర్లు మొదట్లో ఎక్కువగా ఢిల్లీ కార్యక్రమాలనే తిరిగి పంపేవి. ఆదిలాబాద్‌లో టీవీ పెడితే హిందీ వార్తలు, హిందీ సీరియళ్లు. 1987లో రామాయణం మొదలయ్యాక ఆదివారం ఉదయం పంచాయతీ టీవీ ముందు చోటు కోసం పోటీ. మన వాళ్లు టీవీలో కనబడే సందర్భం ఏడాదికి ఒకటో రెండో. గణతంత్ర దినం, పెద్ద ఉత్సవం, లేదా ఎవరైనా మంత్రి వచ్చినప్పుడు గుస్సాడీ నాట్యం.

మార్లవాయికి చెందిన కనకరాజు గారి పేరు మీకు తెలుసు. 1980ల తొలినాళ్లలో ఇందిరాగాంధీ ముందు ఢిల్లీలో గుస్సాడీ ఆడించిన గురువు ఆయన. 2021లో పద్మశ్రీ అందుకున్నారు. నెమలి ఈకల కిరీటం పెట్టుకుని, ఒంటికి బూడిద రాసుకుని, చేత కర్ర పట్టుకుని వచ్చే గుస్సాడీని దేశం చూసింది. చూడటం వరకే జరిగింది. ఆ ఆట ముందు పాడే పాట, దండారీ బృందం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లినప్పుడు చెప్పుకునే మాటలు, గుస్సాడీ వేసేవాడు పాటించే నియమాలు టీవీలో రావు. సాధారణంగా పాట మీద వ్యాఖ్యాత గొంతు వచ్చి పడుతుంది. నిమిషమో రెండు నిమిషాలో చూపి తర్వాతి బృందానికి వెళ్లిపోతారు.

చరిత్ర చదివే మీరు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. రేడియో టేపులో మన మాట దొరుకుతుంది, మనిషి కనబడడు. టీవీ టేపులో మనిషి కనబడతాడు, మాట దొరకదు. రెండింటినీ పక్కపక్కన పెడితేగాని ఆనాటి మనిషి పూర్తిగా మన ముందుకు రాడు.

దాచినవాళ్లు దాచారు, చెరిపినవాళ్లు చెరిపారు

టీవీ కంటే ముందే మనల్ని చిత్రీకరించినవాళ్లు ఉన్నారు. వియన్నాలో పుట్టిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940లలో భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో ఉండి మన జీవితాన్ని అధ్యయనం చేశాడు. 1943లో గోండు పిల్లల చదువు పథకం మొదలైనప్పుడు మార్లవాయిలోనే ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వచ్చింది, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. ఉపాధ్యాయ శిక్షణ పొందిన నాకు ఈ సంగతి ఎప్పుడు తలచుకున్నా గర్వంగా ఉంటుంది. 80 ఏళ్ల కిందటే మన భాషలో చదువు చెప్పే టీచర్లు మన ఊళ్లో తయారయ్యారు. బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995లో చనిపోయాడు.

ఆయన తీసిన ఫొటోలు, 16 మిల్లీమీటర్ల ఫిల్ములు, రాసుకున్న నోట్సు లండన్‌లోని సోయస్ విద్యాసంస్థలో ఉన్నాయి. ఫొటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించి అందరూ చూసేలా పెట్టారు. ఆ తర్వాత మానవశాస్త్రవేత్త మైకేల్ యార్క్ రాజగోండుల మీద తీసిన డాక్యుమెంటరీ 1980ల మొదట్లో బీబీసీలో ప్రసారమైంది. మన తాతల ముఖాలు మనకంటే ముందు లండన్ ఇళ్లల్లో కనబడ్డాయి.

ఇవి ఎందుకు మిగిలాయి? ఫిల్ము గట్టిది కాబట్టి మాత్రమే కాదు. ఎప్పుడు తీశారు, ఏ ఊళ్లో తీశారు, ఏ పండుగ అనే వివరాలు రాసి, ఒక వరుసలో పెట్టి, ఒక సంస్థకు అప్పగించారు కాబట్టి మిగిలాయి.

ప్రసార సంస్థల టేపులకు ప్రపంచమంతటా వేరే గతి పట్టింది. వీడియో టేపు ఖరీదైనది, పైగా దాని మీద చెరిపి మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. అందుకని ప్రసారం అయిపోయిన కార్యక్రమాన్ని చెరిపి అదే టేపు వాడటం మామూలు అలవాటు. బీబీసీ అంతటి సంస్థే 1960ల నాటి కార్యక్రమాలను ఎన్నింటినో చెరిపేసింది. పిల్లలు మెచ్చిన డాక్టర్ హూ అనే సీరియల్‌లో 90కి పైగా భాగాల బొమ్మ ఇప్పటికీ దొరకలేదు. కానీ ఆ భాగాలన్నింటి శబ్దం దొరికింది. దానికి కారణం ఆ సీరియల్ చూసే కుర్రవాళ్లే. టీవీ ముందు టేపు రికార్డరు పెట్టి ఇంట్లో రికార్డు చేసుకున్నారు. సంస్థ చెరిపినదాన్ని ఇళ్లు దాచాయి.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అనే నల్లజాతి మహిళ ఉండేది. లైబ్రేరియన్‌గా పనిచేసింది. 1970ల చివరి నుంచి 2012లో చనిపోయే దాకా ఇంట్లో వీసీఆర్లు పెట్టి టీవీ వార్తలను రాత్రింబవళ్లు రికార్డు చేసింది. దాదాపు 70 వేల టేపులు. బతికుండగా ఇదేం పిచ్చి అనుకున్నవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ ఆ టేపులన్నింటినీ తీసుకుంది. టీవీ నల్లవాళ్లను ఏ సంవత్సరం ఎట్లా చూపించిందో తెలుసుకోవాలంటే ఆమె టేపులు చూడొచ్చు. చరిత్ర దాచడానికి పెద్ద పదవి అవసరం లేదనడానికి ఆమే సాక్ష్యం.

మన ఇళ్లలోకి వీడియో వచ్చిన రోజులు

మన వైపు వీడియో మొదట సినిమా కోసం వచ్చింది. పెళ్లికో, పంట చేతికొచ్చినప్పుడో రంగుల టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చి, వాకిట్లో పెట్టి, తెల్లారేదాకా మూడు సినిమాలు వేసేవాళ్లు. కరెంటు పోతే జనం లేవకుండా అక్కడే చాపల మీద పడుకునేవాళ్లు. 1990లలో ఉట్నూరు, ఆసిఫాబాద్ లాంటి చోట్ల పెళ్లి వీడియోలు తీసేవాళ్లు తయారయ్యారు. భుజం మీద పెద్ద కెమెరా, పక్కన లైటు పట్టుకునే కుర్రవాడు. పెళ్లికి వచ్చినవాళ్లే కేస్లాపూర్ నాగోబా జాతరకూ వచ్చారు, దండారీకీ వచ్చారు. వీసీఆర్ ఉన్న ఒకరిద్దరు ఉద్యోగులు టీవీలో మన వాళ్లు వచ్చినప్పుడు రికార్డు చేసి పెట్టుకున్నారు.

ఈ క్యాసెట్ల మీద రాసి ఉండేది ఒకటి, లోపల ఉండేది ఇంకొకటి. కొత్త క్యాసెట్ కొనడం కష్టం కాబట్టి మూడు గంటల టేపులో పెళ్లి గంటన్నర ఉంటే, మిగతా చోట ఏది దొరికితే అది ఎక్కించేవాళ్లు. పోయిన ఎండాకాలం సెలవుల ముందు మా హాస్టల్ పిల్లలకు ఇళ్ల నుంచి పాత క్యాసెట్లు ఉంటే తెమ్మని చెప్పాను. 11 వీడియో క్యాసెట్లు, 30కి పైగా ఆడియో క్యాసెట్లు వచ్చాయి. వాటిలో ఒకదాని మీద ఎవరిదో పెళ్లి అని రాసి ఉంది. పెళ్లి అయిపోయాక ఐదు నిమిషాలు నల్ల తెర. ఆ తర్వాత ఒక వాకిలి, మంచం మీద కూర్చుని కింగ్రి వాయిస్తూ కథ చెబుతున్న ఒక ముసలాయన. కింద నుంచి పైకి తెల్ల గీత కదులుతూనే ఉంది. 22 నిమిషాలు. కథ మధ్యలో టేపు అయిపోయింది.

పిల్లలు మొదట నవ్వారు, తర్వాత నిశ్శబ్దంగా విన్నారు. కథలో అంకెలు వచ్చిన చోట ఆపమన్నారు. మా పిల్లలు గోండిలో ఏడు దాకా లెక్కపెట్టి అక్కడి నుంచి తెలుగులోకి దిగుతారు. ముసలాయన ఆగకుండా గోండిలోనే పోతున్నాడు. ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి ఆ అంకెలను నోటుబుక్కులో రాసుకుంది. నేను ఏళ్లుగా పాఠంగా చెప్పినా పట్టుబడనిది, ఆ టేపు పది నిమిషాల్లో నేర్పింది.

ఆ కథ చెప్పినాయన ఎవరో తెలుసుకోవడానికి మాకు రెండు నెలలు పట్టింది. పెళ్లివారికి తెలియదు. వీడియో తీసినాయన చనిపోయాడు. చివరికి పక్క మండలంలో ఒక అవ్వ చూసి, మనిషిని పట్టి కాదు, కింగ్రి మోగించే తీరును పట్టి గుర్తుపట్టింది. తన అన్న అని చెప్పింది. ఆయన పోయి 20 ఏళ్లు దాటింది. ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు. ఆమె మనవళ్లు తాతను మొదటిసారి చూశారు. టేపులో ఆగిపోయిన మిగతా కథ తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఆ అవ్వ ఉన్నంత వరకు తనకు తెలిసింది చెబుతానంది. ఇప్పుడు ఆమె దగ్గర పిల్లలు రాసుకుంటున్నారు.

ఎందుకు ఇప్పుడే

రెండు గడియారాలు ఒకేసారి నడుస్తున్నాయి.

మొదటిది టేపుది. వీడియో టేపు అంటే పాలియెస్టర్ పట్టీ. దాని మీద ఇనుప సంబంధమైన సన్నటి పొడిని ఒక జిగురుతో అతికిస్తారు. బొమ్మ, శబ్దం ఆ పొడిలోని అయస్కాంత గుణంలో ఉంటాయి. తేమ తగిలితే జిగురు మెత్తబడుతుంది, పొడి రాలుతుంది, బూజు పడుతుంది. మన వానాకాలాలు, రేకుల ఇళ్ల ఎండలు రెండూ దానికి శత్రువులే. టేపు బాగున్నా దాన్ని నడిపే యంత్రం లేదు. 1976లో వచ్చిన వీహెచ్ఎస్ వీసీఆర్ల తయారీని చివరగా మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయి 2016లో ఆపేసింది. రిపేరు చేసేవాళ్లు కూడా కరువయ్యారు. 2019లో యూనెస్కో ప్రపంచానికి ఒక హెచ్చరిక చేసింది. అయస్కాంత టేపుల మీద ఉన్నదాన్ని 2025 నాటికి కంప్యూటర్‌లోకి మార్చకపోతే చాలాభాగం శాశ్వతంగా పోతుందని దాని సారాంశం. ఆ గడువు వచ్చేసింది.

రెండవ గడియారం మనుషులది. టేపులో ఉన్నది ఎవరో, అది ఏ ఊరో, ఏ పాటో చెప్పగల పెద్దలు తగ్గిపోతున్నారు. 2024 ఒక్క సంవత్సరంలోనే ఇద్దరు పద్మశ్రీలను పోగొట్టుకున్నాం. గుస్సాడీ కనకరాజు గారు ఒకరు. కోయల దేవతల కథలను కంచు మేళం, కంచు తాళంతో చెప్పిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సకిని రామచంద్రయ్య గారు ఒకరు. వారికి పురస్కారం వచ్చింది కాబట్టి వారి పేరు మిగిలింది. పురస్కారం రాని వందలమంది పేర్లు మీరు రాస్తేనే మిగులుతాయి. టేపు ఉండి మనిషి పోతే అది ఎవరిదో తెలియని గొంతు. మనిషి ఉండి టేపు పోతే అది రుజువులేని జ్ఞాపకం.

గుంజాల సంగతి మనకు మంచి పాఠం. నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపి రాతప్రతులు ఇళ్లలోనే ఉన్నాయి. 2006లో పరిశోధకుల కంటపడ్డాయి. 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దక్కింది. ఇప్పుడు ఫోనులో ఆ అక్షరాలు రాయొచ్చు. అవి అంతకుముందూ ఉన్నాయి, ఎవరూ అడగలేదు అంతే. మన క్యాసెట్లను కూడా అడిగేవాళ్లు కావాలి.

మీరు చేయగల పని

ముందు వెతకండి. ట్రంకు పెట్టెలు, పాత వీడియో షాపులు, రిటైరైన టీచర్ల ఇళ్లు. క్యాసెట్లతో పాటు కాగితాలు కూడా. ఆకాశవాణిలో పాడినవారికి కార్యక్రమం పేరు, రికార్డింగు తేదీ, పారితోషికం రాసిన కాంట్రాక్టు కాగితం ఇచ్చేవారు. భూమి పట్టాలు, రేషన్ కార్డుల సంచిలో అది మడతపెట్టి ఉండొచ్చు. ఒక్క కాగితంతో ఒక పాట తేదీ తేలిపోతుంది.

దొరికిన క్యాసెట్‌ను వెంటనే వీసీఆర్‌లో పెట్టకండి. అద్దంలోంచి చూస్తే టేపు అంచున తెల్లగా బూజు కనబడితే పక్కన పెట్టి తెలిసినవారికి చూపించండి. ఆ బూజు యంత్రంలోకి, అక్కడి నుంచి మిగతా టేపులకు అంటుకుంటుంది. బాగున్న క్యాసెట్ వెనుక అంచున చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని విరిచేస్తే దాని మీద పొరపాటున కూడా కొత్తది రికార్డు కాదు. ఆడియో క్యాసెట్లకూ అంతే. క్యాసెట్లను పుస్తకాల్లాగా నిలబెట్టి, ఎండ, తేమ, స్పీకర్ల అయస్కాంతాలు తగలని చోట పెట్టండి.

నడుస్తున్న వీసీఆర్ ఒకటి సంపాదిస్తే, చిన్న యూఎస్‌బీ పరికరంతో కంప్యూటర్‌కు కలిపి ఎక్కించవచ్చు. మూడు గంటల టేపుకు మూడు గంటలూ పడుతుంది, తొందర కుదరదు. టీవీని ఫోనుతో షూట్ చేసి సరిపెట్టుకోకండి. టేపును మొదటి నుంచి చివరి దాకా, నల్ల తెర వచ్చినా ఆపకుండా ఎక్కించండి. మధ్యలో వచ్చే ప్రకటన, వార్త ముక్క కూడా తేదీ తేల్చడానికి పనికొస్తాయి. ఎక్కించినదాన్ని మూడు చోట్ల పెట్టండి. ఒకటి ఇచ్చినవారి ఇంట్లో, ఒకటి సంఘం దగ్గర, ఒకటి వేరే ఊళ్లో. అసలు క్యాసెట్‌ను పారేయకండి.

ప్రతి టేపుకూ ఒక పేజీ రాయండి. ఎవరి దగ్గర దొరికింది, మీద ఏం రాసి ఉంది, లోపల ఎన్నో నిమిషంలో ఏముంది, ఎవరు కనబడతారు, ఏ భాష, ఏ వాయిద్యాలు. పెప్రే, కాలికోం, డోలు, కింగ్రి అని విడివిడిగా రాయండి, ఉత్తగా సంగీతం అని రాయకండి. పెద్దలకు చూపించి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాయండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి.

ఎవరు చూడవచ్చు

ఒక విషయంలో మాత్రం చాలా జాగ్రత్త కావాలి. దొరికిన ప్రతిదీ యూట్యూబ్‌లో పెట్టేది కాదు. పేన్ ముందు పాడే పాట వేరు, పెళ్లిలో పాడే పాట వేరు. కొన్ని పూజలు ఆ ఇంటిపేరు వారే చూడాలి. కొన్ని ఆడవాళ్ల పాటలు మగవాళ్ల ముందు పాడరు. చనిపోయినవారి బొమ్మ పెట్టేముందు ఇంటివాళ్లను అడగాలి.

ఈ సమస్య మనదొక్కరిదే కాదు. ఆస్ట్రేలియా ఎడారిలో యుయెండుము అనే ఊళ్లో వార్ల్‌పిరి ఆదివాసులు 1985లో లైసెన్సు కూడా లేకుండానే తమ టీవీ తామే ప్రసారం చేసుకున్నారు. బయటి టీవీ ఉపగ్రహం ద్వారా వచ్చి తమ పిల్లల భాషను మింగేయకముందే తమ కథలు వీడియో టేపుల మీద తీశారు. ఆ టేపులే తర్వాత వారి ఊరి భాండాగారం అయ్యాయి. చనిపోయినవారి బొమ్మ, పేరు విషయంలో వారి సమాజంలో కట్టుబాట్లున్నాయి, వాటిని పాటిస్తూనే దాచుకున్నారు. అదే దేశంలోని వరుముంగు ఆదివాసులతో కలిసి ముకుర్తు అనే సాఫ్ట్‌వేర్ తయారైంది. ఏ వీడియో ఎవరు చూడవచ్చో సమాజమే అందులో నిర్ణయించుకుంటుంది. మనకు రాయ్ సెంటర్లున్నాయి, పటేల్, దేవారి ఉన్నారు. మన పద్ధతి మనం పెట్టుకోవచ్చు. టేపు ఇచ్చిన ఇంటివారిని అడగడం, పెద్దల ముందు పెట్టడం, ఆ తర్వాతే బయటపెట్టడం. బయటపెట్టినప్పుడు పాడినవారి పేరు ముందు రావాలి, ఎక్కించినవారి పేరు చివరన ఉంటే చాలు.

ఇక వినిపించేది మీరే

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత 2008లో జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత మహిళలు సంఘం రేడియో నడపడం మొదలుపెట్టారు. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో సీజీనెట్ స్వర మామూలు ఫోనుతోనే గోండి మాటలను ఊరి నుంచి ఊరికి చేర్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవారు దాదాపు 30 లక్షలు. నాలుగైదు రాష్ట్రాల్లో చెల్లాచెదురుగా ఉన్న మనకు కలిపే దారం ఈ గొంతులే.

అక్టోబరు 27ను యూనెస్కో దృశ్య శ్రవణ వారసత్వ దినంగా పాటిస్తుంది. అది మనకు దండారీ రోజులకు దగ్గరగా వస్తుంది. చదువుకోసం, ఉద్యోగం కోసం బయట ఉన్నవాళ్లు ఇళ్లకు చేరే సమయం. ఈ ఏడు ఆ రోజుల్లో ప్రతి ఊళ్లో ఇద్దరు ముగ్గురు కలిసి ఒక్క సాయంత్రం కేటాయించండి. ఇంట్లో ఉన్న క్యాసెట్లు లెక్కపెట్టి, ఒక కాగితం మీద జాబితా రాసి సంఘానికి పంపండి. టేపు పాడైందా బాగుందా అని ముందే తీర్పు చెప్పకండి, ఉంది అని రాయండి చాలు. జాబితా ఉంటే ఒక వీసీఆర్ సంపాదించడం, ఒక్కొక్కటిగా ఎక్కించడం మనందరం కలిసి చేసుకోగల పని. జాబితా లేకపోతే ఏ అటక మీద ఏ తాత గొంతు ఉందో ఎవరికీ తెలియదు, ఈ వానాకాలం కాకపోతే వచ్చే వానాకాలం అది పోతుంది.

అందరికీ రాం రాం.